ఫొటో మనది, భయం ఊరిది

మన మదనపల్లె వైపు కొండలకూ జంతువులకూ చుట్టరికం ఈనాటిది కాదు. గుర్రంకొండ సంగతే తీసుకోండి. ఆ కోటకు ఒక గుర్రం కాపలా అట. అది కొండమీద ఉన్నంతకాలం కోట ఎవరి చేతికీ చిక్కదని నమ్మకం. చివరికి ఒక మరాఠా సర్దారు నిట్టనిలువు బండకు ఇనుప మేకులు కొట్టుకుంటూ ఎక్కి ఆ గుర్రాన్ని తీసుకుపోయాడని కథ. అక్కణ్ణుంచి హార్సిలీహిల్స్‌కి వస్తే, దాని అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ అనే పిల్లను ఏనుగులు సాకాయని, ఆమె కొండజనం జబ్బులకు మందిచ్చేదని, ఒకరోజు ఎవరికీ చెప్పకుండా మాయమైపోయిందని పెద్దవాళ్లు చెబుతారు. ఇప్పటికీ కొండమీద ఆమె గుడి ఉంది. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్సిలీ దొర వేసవి విడిదికి ఆ కొండను ఎంచుకున్నాక మల్లమ్మ పేరు వెనక్కి పోయి దొర పేరు నిలబడిపోయింది.

ఆ కథల్లో గుర్రం కోటను కాసింది, ఏనుగులు పిల్లను కాశాయి. ఇప్పుడు అదే కొండలు ఎక్కేవాళ్ల చేతిలో ఫోను ఉంది. కోతి కనబడినా, జింక కనబడినా, పొదలో ఏదో కదిలినా ముందు చెయ్యి జేబులోకో, హ్యాండ్‌బ్యాగులోకో పోతుంది. ఇందులో తప్పేముంది అంటారా? ఫొటో తియ్యడంలో తప్పేమీ లేదు. నాకూ ఆ సరదా ఉంది. కాకపోతే ఆ ఫొటో కోసం మనం ఎంత దగ్గరికి పోతున్నాం, దాన్ని దగ్గరికి రప్పించడానికి ఏం విసురుతున్నాం, మనం కొండ దిగి ఇంటికొచ్చేశాక దాని ఖర్చు ఎవరి నెత్తిన పడుతోంది అన్నది మాత్రం ఆలోచించవలసిన విషయం. నాకు తెలిసినంతలో ఆ ఖర్చు ఎక్కువగా కొండకింద ఊళ్లలోని ఆడవాళ్ల మీదే పడుతోంది. అందుకే ఈ పేజీలో ఈ ముచ్చట.

కోర్టు ఏమంది?

2025 నవంబరులో సుప్రీంకోర్టు కార్బెట్ పులుల అభయారణ్యం కేసులో తీర్పు చెబుతూ ఒక మాట అంది. పులుల అభయారణ్యాల్లో కీలకమైన ప్రాంతంలో సందర్శకులు తిరిగేచోట మొబైల్ ఫోన్లు వాడనివ్వొద్దని. రాత్రిపూట విహారాలు కూడా వద్దంది. మన రాష్ట్రంలో నాగార్జునసాగర్-శ్రీశైలం అభయారణ్యం ఆ లెక్కలోకి వస్తుంది. మన హార్సిలీహిల్స్, కుప్పం-పలమనేరు మధ్య ఉన్న కౌండిన్య అడవి మాత్రం రావు. అవి పులుల అభయారణ్యాలు కావు గదా.

అంతకుముందు 2012లోనే కేంద్రంలోని పులుల సంరక్షణ సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. ఏ వన్యప్రాణికైనా కనీసం ఇరవై మీటర్ల దూరంలో ఉండాలని, మేత వేసి పిలవకూడదని. అమెరికాలో ఎల్లోస్టోన్ పార్కుకు వెళ్లేవాళ్లకైతే లెక్క ఇంకా గట్టిది. మామూలు జంతువులకు ఇరవై అయిదు గజాలు, ఎలుగుబంట్లకు, తోడేళ్లకు నూరు గజాలు. అక్కడివాళ్లు పిల్లలకు ఒక తేలిక గుర్తు చెబుతారు. చెయ్యి బారచాపి, ఒక కన్ను మూసి, బొటనవేలు అడ్డం పెట్టండి. జంతువు మొత్తం వేలి వెనక దాగిపోతే దూరం చాలు. తోకో చెవో బయటికి కనబడుతోందా, వెనక్కి నడవండి. ఇందుకు టేపు అక్కర్లేదు, చదువూ అక్కర్లేదు. మన పిల్లలకూ నేర్పొచ్చు.

మరి ఇంత చిన్న సంగతి ఎందుకు పాటించలేకపోతున్నాం? దానికి మన దురుసుతనం ఒక్కటే కారణం అనుకోను. ఫోను కూడా కొంత కారణమే. ఫోను కెమెరా ముఖ్యంగా ఇంట్లో పదిమందిని ఒక్క ఫొటోలో పట్టించడానికి పనికొచ్చేట్టు తయారైంది. అది వెడల్పుగా చూస్తుంది. దాంతో దూరంగా ఉన్న జింక అందులో చీమంత కనిపిస్తుంది. నిపుణులు వాడే పొడుగాటి లెన్సుల ఖరీదు మనకు అందేది కాదు. ఇంక మిగిలిందేమిటి, కాళ్లు. ఒక్కో అడుగే ముందుకు వేస్తాం. సెల్ఫీ అయితే మరీ ఘోరం. అందులో జంతువుకు వీపు తిప్పి నిలబడాలి. అడవిలో ఏ జంతువుకైనా వీపు చూపించి నవ్వుతూ నిలబడే ప్రాణి మనిషొక్కడే.

2025 ఆగస్టులో కర్ణాటకలోని బందీపూర్ అడవి రోడ్డులో జరిగింది మీరు చూసే ఉంటారు. దారిపక్క నిలబడ్డ ఏనుగుతో సెల్ఫీ కోసం ఒకాయన దగ్గరికి వెళ్లాడు. అది తరుముకొచ్చింది. పరుగెత్తబోయి పడ్డాడు, తొక్కింది. ఏదో ఆయుష్షు ఉండి బతికాడు. అటవీశాఖ ఇరవై అయిదువేల రూపాయలు జరిమానా వేసింది. ఆ దృశ్యాన్ని కూడా వేరేవాళ్లు తమ ఫోన్లలో తీశారు. దేశమంతా చూసింది.

పొట్లం విప్పితే జరిగేది

ఏనుగుల మాట తరవాత. ముందు మనందరం చేసే చిన్న పని ఒకటి చెబుతాను. ఏ కొండదారిలోనైనా కనిపించేదే. ఒక కుటుంబం వచ్చింది. గోడమీద కోతి, దాని పొట్టకు పిల్ల. అమ్మకు ముచ్చటేసింది, పిల్లాడికి సరదా వేసింది. "ఇటు చూడు, ఇటు చూడు" అంటే అది చూడదు. నాన్న చిప్సు పొట్లం విప్పాడు. వెంటనే చూసింది. ఫొటో బాగానే వచ్చింది. వాళ్లు సాయంత్రానికి కొండ దిగిపోయారు.

మర్నాడు పొద్దున అదే గోడ పక్క బుట్ట పెట్టుకుని ఉడకబెట్టిన సెనక్కాయలు అమ్ముకునే ఆవిడ దగ్గరికి అదే కోతి వచ్చింది. మనిషి దగ్గర పొట్లం ఉంటుందని దానికి నిన్ననే తెలిసింది కదా. బుట్ట తన్నేసింది. ఆవిడ కర్ర తీస్తే పళ్లు బయటపెట్టింది. ఆ రోజు బేరం పోయింది, కరిస్తే సూదుల ఖర్చు అదనం. నిన్నటి కుటుంబానికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. వాళ్ల ఫోనులో కోతి ముద్దుగానే ఉంది.

చట్టం ఈ విషయంలో ఏమంటుందో తెలిస్తే చాలామంది ఉలిక్కిపడతారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో 'వేట' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో చంపడం ఒక్కటే లేదు. పట్టుకోవడం, ఉచ్చు వెయ్యడం, తరమడం, ఎర చూపి రప్పించడం కూడా ఉన్నాయి. అలాగే అభయారణ్యంలో ఫొటోలు తీసుకోవడానికి అనుమతి ఇవ్వొచ్చని ఆ చట్టమే చెబుతోంది. అంటే మన పెద్దలు 1972లోనే ఫొటోను ఒకవైపు, ఎరను ఇంకోవైపు పెట్టారు. మనమేమో రెండూ కలిపేశాం.

అలిపిరి మెట్లు చెప్పిన పాఠం

పొట్లం కోతితో ఆగదని మనకు తిరుమల నడకదారి చెప్పింది. 2023 జూన్‌లో అలిపిరి దారిలో ఒక పసివాణ్ణి చిరుత నోట కరుచుకుపోయింది. జనం వెంటపడి కేకలు పెడితే వదిలేసింది, బిడ్డ బతికాడు. ఆగస్టులో ఆరేళ్ల పాపకు ఆ అదృష్టం లేకపోయింది. తరవాత బోన్లు పెట్టి కొన్ని చిరుతల్ని పట్టారు. పదిహేనేళ్ల లోపు పిల్లల్ని మధ్యాహ్నం రెండు దాటాక నడకదారిలోకి పంపలేదు. నడిచే భక్తులకు చేతికర్రలు ఇచ్చారు. కర్ర పట్టుకుని గోవిందనామం చెబుతూ మెట్లెక్కిన ఆడవాళ్ల ఫొటోలు పేపర్లలో చూశాం.

చిరుత దారిమీదికి ఎందుకొచ్చింది? దానికి మనుషుల మీద పగ లేదు. దారిపొడుగునా తినుబండారాల అంగళ్లు. పారేసిన ఎంగిలాకులకు, మిగిలిన అన్నానికి కుక్కలు, అడవిపందులు చేరతాయి. ఏడో మైలు దగ్గర జింకల పార్కు. భక్తులు కీరదోస ముక్కలు, క్యారెట్లు పెట్టి ఫొటోలు దిగడం ఎప్పటినుంచో ఉన్న అలవాటు. కుక్కా, పందీ, జింకా ఉన్నచోటికి చిరుత రాకుండా ఎలా ఉంటుంది? అది తన తిండిని వెతుక్కుంటూ వచ్చింది. చీకటిపడ్డాక వంగి నడిచే చిన్న ప్రాణి దానికి జింకపిల్లో, మనిషిపిల్లో తెలియదు. అందుకే అప్పుడు దేవస్థానం జంతువులకు పెట్టడానికి కూరగాయలు, పళ్లు అమ్మేవాళ్ల మీద చర్య తీసుకుంటామని, అంగళ్లవాళ్లు చెత్త బయట పోయకూడదని చెప్పవలసి వచ్చింది.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. పాప పోయిన దుఃఖంలో ఉన్న తల్లిదండ్రుల మీదే అనుమానపు మాటలు వచ్చాయి అప్పట్లో. ఎక్కడ బిడ్డకు ఏమైనా సరే, "తల్లి ఏం చేస్తోంది?" అన్నది మొదటి ప్రశ్న. దారిలో దీపాలు సరిగ్గా ఉన్నాయా, చెత్త ఎవరు తియ్యాలి, పొదలు ఎవరు కొట్టాలి అన్న ప్రశ్నలు ఆ తరవాత ఎప్పుడో వస్తాయి. వందమంది నడిచి వెళ్తూ తలో ముక్కా పారేస్తారు. నూటొకటో మనిషి బిడ్డకు దెబ్బ తగులుతుంది. నింద ఆ నూటొకటో తల్లిది. ఇది నాకు బొత్తిగా మింగుడుపడని సంగతి.

ఏనుగొచ్చిన రాత్రి

ఇప్పుడు కుప్పం వైపు వద్దాం. చాలాకాలంగా ఏనుగులు లేని మన ప్రాంతానికి 1980ల తొలిరోజుల్లో తమిళనాడు, కర్ణాటక అడవుల నుంచి మందలు వచ్చాయి. కొన్ని ఇక్కడే ఉండిపోయాయి. వాటికోసమే 1990లో కౌండిన్య అభయారణ్యం ప్రకటించారు, సుమారు మూడువందల యాభై ఎనిమిది చదరపు కిలోమీటర్లు. అడవి సన్నటిది, పక్కనే పొలాలు. వరి, చెరకు, అరటి, మామిడి, టమోటా. పెద్ద ఏనుగుకు రోజుకు నూరు కిలోలపైనే మేత కావాలి. కందకాలు తవ్వారు, సోలారు కంచెలు వేశారు. తెలివైన జంతువు, దారి వెతుక్కుంటుంది.

ఏనుగులు వచ్చిన రాత్రి ఊళ్లో ఏం జరుగుతుందో ఆలోచించండి. మగవాళ్లు టపాకాయలు, డప్పులు పట్టుకుని పొలాలకు పోతారు. ఆడవాళ్లు పిల్లల్నీ పశువుల్నీ సర్దుకుని గడప దగ్గర కూర్చుంటారు. దొడ్డికి వెళ్లాలన్నా భయం. తెల్లారాక తొక్కేసిన టమోటా తోటలో కట్టెలు మళ్లీ నాటేది, డ్రిప్పు పైపులు ఏరేది, అప్పుకు మళ్లీ సంఘంలో అడిగేది ఎవరు? చాలాచోట్ల ఆడవాళ్లే.

ఇప్పుడు ఆ రాత్రిలోకి ఫోను వచ్చింది. "ఏనుగులు దిగినాయంట" అన్న కబురు వాట్సాపులో పక్క ఊళ్లకు పాకుతుంది. మోటారుసైకిళ్ల మీద కుర్రాళ్లు వస్తారు. లైట్లు, ఈలలు, వీడియోలు. అటవీ సిబ్బంది ఒక పక్కన దారి వదిలి మందను అడవివైపు మళ్లించాలని చూస్తుంటే, సరిగ్గా ఆ దారిలోనే జనం నిలబడి ఉంటారు. ఎటు పోవాలో తెలియక మంద చీలిపోతుంది. గున్న ఒకవైపు, తల్లి ఒకవైపు అయితే ఇక చెప్పక్కర్లేదు. చెవులు విప్పి నిలబడ్డ తల్లి ఏనుగు ముందు ఎవరి పరుగూ చాలదు. కుర్రాళ్లకు బండ్లున్నాయి, పోతారు. బెదిరిన ఏనుగు ఆ రాత్రంతా ఊరి చుట్టూనే ఉంటుంది. ఫొటో వాళ్లది, భయం ఊరిది.

భయం ఊరికే కాదు. 2025 ఫిబ్రవరిలో శివరాత్రికి ముందు, ఓబులవారిపల్లె మండలం గుండాలకోన అడవిలో కాలినడకన వెళ్తున్న భక్తుల మీద ఏనుగులు పడి ముగ్గురు ప్రాణాలు పోయాయి. వాళ్లు ఫొటోలకు పోయినవాళ్లు కారు, దేవుడి దగ్గరికి పోతున్నవాళ్లు. అడవిలో నడకదారి అంటే మన దారి ఒక్కటే కాదు, వాటి దారి కూడానని ఆ రాత్రి తెలిసింది.

ప్రభుత్వం కదలలేదని అనను. 2024 సెప్టెంబరులో కర్ణాటకతో ఒప్పందం కుదిరింది. 2025 మేలో బెంగుళూరులో దేవా, రంజన్, కృష్ణ, అభిమన్యు అనే నాలుగు కుంకీ ఏనుగుల్ని మన రాష్ట్రానికి అప్పగించారు. అడవి ఏనుగుల్ని మళ్లించడానికి తర్ఫీదు పొందినవి ఇవి. వీటికి పలమనేరు దగ్గర ముసలిమడుగులో శిబిరం ఏర్పాటైంది. మంచిదే. ఏనుగుల్ని దగ్గర్నుంచి చూడాలన్న ముచ్చట జనానికి ఉండనే ఉంటుంది, పిల్లలకు మరీను. శిబిరంలోని ఏనుగును చూసి, దాని మావటితో మాట్లాడి, అది ఎలా పనిచేస్తుందో తెలుసుకుంటే అంతకన్నా మంచి పాఠం లేదు. కాకపోతే అక్కడ తొండం నిమిరి ఫొటో దిగిన పిల్లాడికి, చెరకుతోటలో నిలబడ్డ ఏనుగు ఆ ఏనుగు కాదని కూడా చెప్పాలి. అది చెప్పకపోతే శిబిరం వల్ల మేలుకన్నా కీడే ఎక్కువ.

పార్కు వేరు, కొండ వేరు

ఈ తేడా దగ్గరే మనం పిల్లల పెంపకంలో పొరబాటు చేస్తున్నామేమో అనిపిస్తుంది. మొదట వాళ్లకు జంతువును చూపించేది జూలో. టిక్కెట్టు కొన్నాం కాబట్టి పులి కనబడాలి. నిద్రపోతుంటే "లే, లే" అని అరుస్తాం, గులకరాయి వేస్తాం. చట్టం ప్రకారం జూలో జంతువును ఏడిపించడం, మేత పెట్టడం, గోల చేసి బెదరగొట్టడం అన్నీ నిషేధమే. ఎంతమందికి తెలుసు?

1987లో తిరుపతిలో పెట్టిన శ్రీవేంకటేశ్వర జూ పార్కు దేశంలో పెద్దవాటిలో ఒకటి. కొండ అడుగున, విశాలంగా, నడవడానికి చెట్లనీడతో ఉంటుంది. 2024 ఫిబ్రవరిలో అక్కడ ఒక మనిషి కంచె దాటి సింహం ఉండే ఆవరణలోకి దిగి ప్రాణం పోగొట్టుకున్నాడు. సింహం కొత్తగా చేసిందేమీ లేదు. దాని ఇంట్లోకి వచ్చినవాణ్ణి అది చూసినట్టే చూసింది. కంచె మనకోసం అనుకుంటాం గానీ, దానికోసం కూడా.

పార్కులో కంచె మన బదులు దూరం పాటిస్తుంది. కొండదారిలో ఆ కంచె లేదు. ఆ పని మనమే చెయ్యాలి. ఇప్పుడు పర్యాటకం పేరుతో కొండలమీద జిప్‌లైన్లు, ఆటలు, అలంకరించిన బాటలు వస్తున్నాయి. కొండ కూడా పార్కులాగే కనిపిస్తోంది. హార్సిలీహిల్స్ అడవిలో చిరుతలు, ఎలుగుబంట్లు ఉన్నాయి. రంగు రాళ్లు పరిచిన బాట అయితే మాత్రం అవి లేకుండా పోతాయా?

మరి ఫొటో తియ్యొద్దా?

తియ్యండి. మన ప్రాంతంలో ఫొటో తియ్యడానికి ఉన్నన్ని సంగతులు చాలాచోట్ల లేవు. దానికి ఏనుగో చిరుతో అక్కర్లేదు. మా వైపు బండలమీద మగ తొండలు జతకట్టే కాలంలో ఎర్రగా, పసుపుగా మెరుస్తాయి. కదలకుండా కూర్చుంటే అవే బయటికొచ్చి తలలు ఊపుతాయి. వాన వెలిసిన పొద్దున పొదల్లో సాలెగూళ్లు చూడండి, నీటిబొట్లు గుచ్చిన హారాల్లా ఉంటాయి. మెత్తటి మట్టిలో అడుగుజాడల్ని ఫొటో తీసి, ఏ జంతువుదో పిల్లల్ని కనుక్కోమనండి. ఇది ఎవర్నీ బెదిరించని వేట.

పక్షుల మాటకొస్తే, మదనపల్లె పక్కనే రిషీవ్యాలీ ఉంది. ఒకప్పుడు బోడికొండల మధ్య ఎండిన లోయ అది. చెట్లు నాటారు, నీళ్లు ఇంకించారు, పక్షులు వచ్చాయి. 1991లో దాన్ని పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. అక్కడా, హార్సిలీహిల్స్‌లోనూ పసుపు గొంతు పిగిలిపిట్ట ఉంటుంది. దక్షిణాది రాతికొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేని పిట్ట. దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడినుంచో వస్తారు. వాళ్లలో కొందరు ఫోనులో దాని కూత వినిపించి బయటికి రప్పిస్తారు. తన చోటుకి ఇంకో పిట్ట వచ్చిందనుకుని అది గూడు వదిలి కంగారుగా తిరుగుతుంది. ఆ కాసేపట్లో గుడ్ల గతి ఏమిటి? చిప్సు పొట్లం వేసేది చదువురానివాళ్లని మనం అనుకుంటాం గానీ, ఇదీ ఎరే. కాకపోతే బాగా చదువుకున్న ఎర.

ఫొటో వల్ల జరిగిన మేలు కూడా చెప్పాలి. తిరుమలలో చిరుతల జాడ తెలిసింది చెట్లకు కట్టిన కెమెరాల వల్లే. ఒంటి వేడి ఉన్న ప్రాణి ఎదురుగా కదలగానే వాటంతటవే ఫొటో తీసే కెమెరాలివి. మన వేలిముద్రల్లాగే ఏ రెండు చిరుతల మచ్చలూ ఒకేలా ఉండవు. కాబట్టి ఏది ఏ చిరుతో, ఎన్ని ఉన్నాయో లెక్క తేలుతుంది. అక్కడ మనిషి లేడు, మెరుపు లేదు, పొట్లం లేదు. ఫొటో మాత్రం ఉంది. మనిషే వెళ్లి తీసినా ఓపికుంటే చాలు. వన్యప్రాణుల ఫొటోల్లో తొలితరం మహిళగా పేరు తెచ్చుకున్న రతికా రామసామి తమిళనాట పుట్టిన ఆవిడే. ఈ పని మగవాళ్లది అన్న మాట ఇక చెల్లదు.

కడప దగ్గర కలివికోడి కథ ఉంది చూశారూ, అది ఇంకా బాగుంటుంది. 1900 తరవాత ఎవరికీ కనబడకపోతే అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం దగ్గర మళ్లీ దొరికింది. పట్టింది పెద్ద చదువుల శాస్త్రవేత్త కాదు, ఆ పొదలు తెలిసిన స్థానికుడు. అడవి గురించి అడవిపక్క మనిషికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

మనం అడగవలసినవి

అందుకే కొత్త నడకబాటలు వేసేముందు కొన్ని అడుగుదాం. మొదటిది, బాట చూపించే పని కొండకింద ఊళ్ల ఆడవాళ్లకు ఇవ్వాలి. కట్టెలకు, చింతపండుకు, సీతాఫలాలకు ఆ అడవిలో తిరిగినవాళ్లు వాళ్లు. ఏ మలుపులో ఎలుగు ఉంటుందో, ఏ కాలంలో ఏ దారి వద్దో వాళ్లకు తెలుసు. తలకోనలో వనసంరక్షణ సమితి చేతుల మీదుగా పర్యాటకం నడిపిన అనుభవం మనకు ఉండనే ఉంది. జంతువు వల్ల నష్టపోయే ఊరికి జంతువు వల్లే నాలుగు రూపాయలు వస్తే, ఆ జంతువును కాపాడమని ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. పైగా తోడుగా ఒక ఆడమనిషి ఉంటే, కాలేజీ ఆడపిల్లలు నలుగురు కలిసి ధైర్యంగా నడవగలుగుతారు. ఇప్పుడు "జంతువులున్నాయి, మగవాళ్లున్నారు, ఎందుకొచ్చిన గొడవ" అని ఇంట్లోనే ఆపేస్తున్నాం.

రెండోది, మూతపడే చెత్తడబ్బాలు, రోజూ తీసే మనుషులు. కోతి తెరవలేని డబ్బా అంటే రాకెట్టు తయారీ ఏమీ కాదు. బాట మొదట్లోనే తినుబండారాలు పెట్టి వెళ్లడానికి చోటు ఉండాలి. మూడోది, మరుగుదొడ్డి. నవ్వకండి. ఏ కొండకు వెళ్లినా మన ఆడవాళ్లు బాట వదిలి పొదల్లోకి పోవలసి వస్తోంది. పాము, ఎలుగు ఎదురయ్యేది అక్కడే. నాలుగోది, ఏనుగులు దిగిన ఊరికి కబురు ఫోన్లో ముందుగా ఆ ఊరివాళ్లకు చేరాలి, వీడియో తీసేవాళ్లకు కాదు. అటవీ సిబ్బంది పని పూర్తయ్యేదాకా జనాన్ని ఆపే బాధ్యత పోలీసులది కావాలి. ఐదోది, రోజుకు ఇంతమందే అని లెక్క. పండగ సెలవుల్లో కొండమీద కాలు పెట్టే చోటు లేకపోతే జంతువు మాత్రం ఎక్కడికి పోతుంది?

ఇక మన వంతు. పొట్లం విప్పొద్దు. ఫ్లాష్ వెయ్యొద్దు, రాత్రి తిరిగే ప్రాణులకు కళ్లు చెదురుతాయి. బిడ్డను ముందు నిలబెట్టి జంతువు వైపు నెట్టి "నవ్వు" అనొద్దు. గూడు, పిల్లలు, అరుదైన ప్రాణి కనబడితే ఆ చోటు పేరు ఫొటోతోపాటు లోకానికి చెప్పొద్దు. మనం చూసి వదిలేస్తాం, పట్టుకుపోయేవాళ్లూ చూస్తారు. మనల్ని చూసి జంతువు మేత ఆపేసిందా, చెవులు నిక్కించిందా, పిల్లను వెనక్కి లాక్కుందా? అయితే మనం అప్పటికే ఎక్కువ దగ్గరికి వచ్చేశామన్నమాట. అప్పుడు ఫోను దించి వెనక్కి నడవాలి.

ఫొటో చిన్నగా వస్తుంది, అంతే కదా. జింక చీమంత ఉంటుంది, చుట్టూ కొండంతా ఉంటుంది. నాకైతే అలాంటి ఫొటోయే ఇష్టం. అందులో జంతువు తన ఇంట్లో తను ఉన్నట్టు కనిపిస్తుంది. మనం దిగొచ్చాక, మర్నాడు పొద్దున సెనక్కాయల బుట్ట నెత్తిన పెట్టుకుని అదే దారిలో నడిచే ఆవిడ కూడా నిశ్చింతగా నడుస్తుంది.